ఊగని మంచె

మా బావ నసారియో తుయుబ్‌కి తేలిక వస్తువంటే గిట్టదు. అది కర్రయినా సరే, కుర్చీ అయినా సరే, మనిషయినా సరే. నేనంటే ఆయనకు కాస్తో కూస్తో గౌరవం ఉందంటే అదీ ఈ లెక్కలోనే. మా యాష్‌చున్ ఊళ్ళో నా అంత బరువున్న ఆడది ఇంకొకతె లేదు. ఈ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గేం లేదు, ఎందుకంటే ఊళ్ళో నాకో పదవి ఉంది, అది ఈ ఒళ్ళు చూసి ఇచ్చిందే. ఆ పదవి సంగతి కాస్త ఆగి చెబుతాను. ముందు బావని కానివ్వండి.

కుర్రతనంలో ఆయన రైలు పట్టాల కింద పరిచే దిమ్మెలు చెక్కేవాడు. ఊరి అడవిలో గట్టి చెట్టొకటి చూసుకుని పడగొట్టి, అక్కడే గొడ్డలితో చదరంగా చెక్కి, దిమ్మెని భుజానికెత్తుకుని బాట దాకా మోయాలి. బుద్ధున్నవాళ్ళు మోయగలిగిన చెట్టు చూసుకునేవాళ్ళు. ఈయన ఏరి కోరి కటలోష్ చెట్టు కొట్టేవాడు. దాని చేవ కారునలుపు. గొడ్డలి వేస్తే గొడ్డలే మొద్దుబారుతుంది. నీళ్ళలో వేస్తే నిలువునా మునుగుతుంది. ఈయన ఒక్క దిమ్మె చెక్కేసరికి, వెనాన్సియో చుక్ అనే ఈయన జోడీదారు రెండు చెక్కేసి, టోపీ మొహాన బోర్లించుకుని నవ్వుతూ పడుకునేవాడట.

"నవ్వుకోరా వెనాన్సియో. నీది ఒక్క వానకే పుచ్చిపోద్ది. నా దిమ్మె మీద నీ మనవలు కూడా రైల్లో పోతారు," అనేవాడట మా బావ.

రైలు వాళ్ళు మాత్రం ఇద్దరి దిమ్మెలూ ఒకే కుప్పలో పడేసి పట్టుకుపోయేవాళ్ళు. ఆ రైలు మా వైపు ఎప్పుడూ రాలేదు కూడా. అయినా బావకి ఆ పని తలకెక్కింది. అప్పట్నుంచీ ఏ కర్ర చేతికొచ్చినా ముందు దాన్ని ఇంటి నీళ్ళ కుండీలో పడేస్తాడు. మునిగితే పురిటిబిడ్డని చూసినట్టు మురిసిపోతాడు. తేలితే తుపుక్కున ఉమ్ముతాడు. తాగే నీళ్ళయ్యా అవి అని అక్క ఎంత మొత్తుకున్నా ఆ అలవాటు పోలేదు.

మా అక్క ఎర్మీలాని పెళ్ళికి అడగడానికి వచ్చినప్పుడు, అందరూ తెచ్చినట్టు రొట్టెలూ చాక్లెట్టూ తేకుండా, బట్టలుతికే కర్రతొట్టి ఒకటి సొంతంగా తొలిచి నెత్తిన పెట్టుకుని వచ్చాడు. ఎవరైనా ఆ తొట్టిని మెత్తని, తేలికైన కర్రతో చేస్తారు, ఎండని బట్టి నీడలోకి జరుపుకోవాలి కదా. ఈయన చెచెన్ కర్రతో చేశాడు. చెచెన్ చూడ్డానికి ఎంత అందమో, దాని పాలు ఒంటికి తగిలితే అంత మంట. కర్ర బాగా ఆరిపోయాక ఏమీ కాదు. ఆరేదాకా ఆగే ఓపిక ఈయనకేదీ? పచ్చిదే తొలిచి తెచ్చాడు. ఈయన చర్మానికి ఆ పాలు ఎక్కవట, దున్నపోతు తోలు. అక్క ముచ్చటపడి ఆ రోజే ఇంట్లో బట్టలన్నీ అందులో ఉతికింది. సాయంత్రానికి దాని చేతులు మోచేతుల దాకా బొబ్బలు. ఇంట్లో బట్టలన్నీ అన్నాను కదా, మా నాన్న తెయోఫిలో షోల్ చెడ్డీలు కూడా అందులోనే ఉన్నాయి.

మర్నాడు నాన్న పెళ్ళికొడుకుని నరుకుతానని కత్తి పట్టుకుని బయల్దేరాడు గానీ, కాళ్ళు ఎడంగా పెట్టుకుని ఎంత దూరమని నడుస్తాడు? సంగతి తెలిసి బావే ఎదురొచ్చాడు. చెచెన్ మంటకి మందు చకా చెట్టు బెరడు. దాన్ని కాచి, ఆ నీళ్ళతో బొబ్బలు మానేదాకా రోజూ వచ్చి అక్క చేతులు కడిగాడు. నాన్నకి వేరే బానలో కాచి ఇచ్చాడు, కూర్చోవడానికి. ఆ రోజుల్లోనే అక్కకి మనసు కుదిరింది. ఈ మొద్దు మీద ఎలా కుదిరిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. అడిగితే, "కడిగేటప్పుడు ఊదుతూ కడిగాడే," అని మాత్రం చెప్పింది.

కాపురం పెట్టాక ఇంటి తలుపు కటలోష్‌తో చేశాడు. అది బందుల్ని ఊడబెరుక్కుని రెండుసార్లు పడింది, ఒకసారి పంది మీద. ఆ పంది కూర వాడంతా తిన్నాం. రొట్టెలు తట్టుకునే బల్ల కూడా ఆ కర్రతోనే చేశాడు. కొత్తలో దాన్ని ఎక్కడ దింపారో అక్కడే ఉంచేసి, అక్క దాని చుట్టూ ఊడుస్తూ బతికింది. వంటిల్లు ఒక్కటే ఆయన చేతిలో పడలేదు. అది పెళ్ళికి మా నాన్న కట్టించి ఇచ్చింది, ఎలెముయ్ వాసాలతో. ఎలెముయ్ సన్నగా పొడుగ్గా ఉండి, బెత్తంలా వంగి మళ్ళీ నిటారయ్యే కర్ర. బావ తిండికి కూర్చున్నప్పుడల్లా పైకి చూసేవాడు.

"ఈ పుల్లల కింద కూర్చుని తినాల్సొచ్చింది నా ఖర్మ," అనేవాడు.

"తినకు మరి," అనేది అక్క.

"ఇంకో రొట్టె వెయ్యి," అనేవాడు.

ఇక బరి సంగతి. ఏటా మే నెలలో శాన్ ఇసిద్రో పండక్కి ఊరి మధ్య ఎద్దుల బరి కడతాం. మేకు అన్నది ఒక్కటి కొట్టం. అంతా కర్ర, తీగ. ఊరి అడవిలో కమిటీ చూపించిన చెట్లు కొట్టుకొచ్చి, ఒక్కో కుటుంబం ఒక్కో మంచె కట్టి, అనికాబ్ తీగతో పక్కవాళ్ళ మంచెకి ముడేసుకుంటూ పోతే గుండ్రంగా బరి అవుతుంది. ఎవరి చోటు వాళ్ళకి తాతల నుంచి వస్తుంది. గుండ్రం కాబట్టి అందులో కొత్త చోటు పుట్టదు. ఒకరిది పోతేనే ఇంకొకరికి వస్తుంది. మా నాన్న చోటు ఎద్దులు లోపలికొచ్చే గుమ్మం పక్కన, నీడపడే వైపు. దాని కోసం కళ్ళు కాయలు కాచేలా చూసేవాళ్ళు ఊళ్ళో చాలామంది. వాళ్ళ వరసలో మొదటివాడు వెనాన్సియో చుక్కే.

నాన్నకి కొడుకుల్లేరు. నేను గుంజ ఎక్కితే గుంజ ఒరుగుతుంది కాబట్టి ముడులన్నీ అక్కకే నేర్పాడు. పోయే ముందు చోటు కూడా దానికే ఇచ్చాడు. నోటిమాటగా ఇచ్చాడు, మా దగ్గర ఇవన్నీ నోటిమాటే. కానీ ఏటా కట్టేది అల్లుడు కాబట్టి జనం నోట్లో అది నసారియో మంచె అయి కూర్చుంది. అక్క ఎవరితోనూ పేచీ పెట్టుకోలేదు. ఆయన ముడి వేసి అటు తిరగ్గానే, దాన్ని విప్పి మళ్ళీ వేసేది. పండగ రోజుల్లో నాన్న కూర్చున్న మూలలోనే కూర్చుని, నాన్న తిన్నట్టే ఉప్పూ కారం చల్లిన నారింజ తొనలు తినేది. ఏడాది పొడుగునా గొంతెత్తని మనిషి అక్కడ కూర్చుంటే ఎద్దుల్నీ, వాటి ముందు గంతులేసే మగాళ్ళనీ కలిపి బూతులు తిట్టేది. ఆ మూల లేకపోతే మా అక్కకి పండగ లేదు.

నా పదవి ఇక్కడే. మంచెలన్నీ కట్టడం అయ్యాక, జనం ఎక్కేముందు, నాలాంటి బరువైన మనుషులం కొందరం వాటి మీదెక్కి హరానా ఆడాలి. హరానా అంటే మడమలతో నేలని దబదబా కొట్టే ఆట. దీన్ని తొక్కుడు అంటాం. వెనకటికి ఓ ఏడు పాదిరీ గారు కూర్చున్న మంచె కూలి, ఆయన నేరుగా ఎద్దు ముందు పడ్డాడట. ఎద్దు జడుసుకుని పారిపోయిందని నాన్న చెప్పేవాడు. ఆ తర్వాత పెట్టిన కట్టుబాటు ఇది. తొక్కుడుకి ఎవరి మంచె పడితే వాళ్ళకి బరిలో చోటు పోతుంది, వరసలో ఉన్నవాళ్ళకి వెళ్తుంది. తొక్కుడు పెద్దని నేను. మా ఆయన నన్ను పెళ్ళాడిన కొత్తలో నా ఒళ్ళు చూసి వెక్కిరించినవాళ్ళందరూ ఇప్పుడు పండగ ముందు మా ఇంటికి మామిడిపళ్ళు పంపుతారు.

ఆ ఏడు అడవి కమిటీకి ఒక ముచ్చట పుట్టింది. మా అడవిలో మహాగనిని అడిగేవాళ్ళే గానీ మిగతా చెట్లని పలకరించేవాడు లేడు. వాటి బలాబలాలు తెలిస్తే కొంటామని ఎవరో అన్నారు. అందుకని కమిటీ ఇంజనీరమ్మ బ్రిసెయిదా ఒక్కో చెట్టు నుంచి చిన్న ముక్కలు కోయించి పట్నం పంపింది. అక్కడ వాటిని మిషన్లో పెట్టి నొక్కుతారట, వంచుతారట, విరిగేదాకా వంచుతారట, ఆరబెట్టి ఎంత ముడుచుకుపోయాయో కొలుస్తారట. కర్రలకి కూడా నరకం ఉంటుందని నాకప్పుడే తెలిసింది. ఫలితాలు రాగానే ఆవిడ ఊరి సభలో చదివింది. అన్నిట్లోకీ బరువైనదీ, గట్టిదీ కటలోష్ అంది. ఆ తర్వాత ఇంకా చాలా చెప్పింది. ఏది ఎంత వంగుతుంది, ఏది వంగాక తిరిగి నిలబడుతుంది, ఏది ఆరితే చీలుతుంది, అన్నీ. బావ అవేవీ వినలేదు. లేచి నిలబడి సభనంతా కలయజూశాడు.

"విన్నారా? మిషన్ చెప్పింది," అన్నాడు.

"మిషన్ నీకు పిల్లనిస్తానందా నసారియో?" అని వెనక నుంచి వెనాన్సియో చుక్ అరిచాడు.

సభ పగలబడి నవ్వింది. బావ మొహం ఎర్రబడింది. ఆ నవ్వే కొంప ముంచిందని నా అనుమానం. అప్పటిదాకా మంచెకి గుంజలు మాత్రమే గట్టి కర్రతో పాతి, అడ్డకర్రలూ వాసాలూ అందరిలాగే వంగే కర్రతో కట్టేవాడు. ఆ ఏడు మొత్తం కటలోష్‌తోనే కడతానన్నాడు. గుంజలు, అడ్డకర్రలు, కూర్చునే చోట పరిచే కర్రలు, అన్నీ. కమిటీ వాళ్ళ వెంట పడి, గాలికి ఒరిగిన కటలోష్ చెట్లు ఇప్పించుకున్నాడు. వాటిని కొట్టి, ఒక్కో కర్ర ఎద్దులబండి మీద తెచ్చాడు. బండి ఇరుసు విరిగింది. ఆయన నడుం పట్టేసింది. అక్క వేడి ఇసుక మూట కట్టి కాపడం పెడుతూ చెప్పి చూసింది.

"నాన్న ఎప్పుడూ ఇట్టా కట్టలేదయ్యా."

"మీ నాన్నకి మిషన్ లేదు."

"మిషన్ వచ్చి నీ నడుంకి కాపడం పెడుద్దేంటి?"

"పైకి పెట్టే, పైకి. అక్కడే నొప్పి," అని ఆయన మాట మార్చాడు.

మంచె పూర్తయ్యాక చూడ్డానికి ఇంజనీరమ్మ కూడా వచ్చింది. గుంజని చరిచి చూసింది, ముడుల్ని వేలితో కదిలించింది. బావ పెళ్ళిపందిట్లో పిల్ల తండ్రిలా పక్కన నిలబడ్డాడు.

"గుంజలు బాగున్నాయి దోన్ నసారియో. అడ్డకర్రలే మార్చండి," అంది. దోన్ అంటే మా దగ్గర గారు అన్నట్టు.

"ఏది గట్టిదో చదివింది నువ్వే కదమ్మా?"

"గట్టిదన్నాను. వంగుద్దనలేదు."

"వంగడం ఎందుకమ్మా? దండం పెట్టాలా అది?"

ఆవిడకి నవ్వొచ్చింది గానీ మాట వదల్లేదు. "చూడండి, జనం తొక్కినప్పుడు ఈ బరంతా ఊగుద్ది. ఊగుతూ బరువుని పంచుకుంటది. మీదొక్కటే ఊగదు. అప్పుడు అటూ ఇటూ మంచెల ఊపంతా వచ్చి మీ ముడుల మీద పడుద్ది. పైగా ఇది పచ్చి కర్ర, నున్నటి కర్ర. ఎండకి ఆరి కాస్త సన్నబడిందంటే తీగ జారుద్ది."

"ఊగకపోతే మంచిదే కదా," అన్నాడు బావ. ఆయన బుర్రలోకి అంతకంటే ఏదీ దిగలేదు. ఆవిడ నా వైపు చూసి భుజాలు ఎగరేసింది. అక్క మాత్రం అన్నీ విన్నది. ఆయన వెళ్ళాక ఒక ముడి విప్పి మళ్ళీ కట్టబోయింది. ఆ కర్రని ఎత్తి పట్టుకోవడానికే దాని బలం చాల్లేదు.

తొక్కుడు రోజు పొద్దున్నే అక్క మా ఇంటికొచ్చింది. నేను పూలు కుట్టిన తెల్ల గౌను వేసుకుని, జడలో రిబ్బన్లు పెట్టుకుంటున్నాను.

"ఫిలీ, ఇవాళ మా దాని మీద కాస్త మెల్లగా తొక్కవే," అంది.

నా పేరు ఫిలిబెర్తా. ఫిలీ అని అది ఒక్కతే పిలుస్తుంది. చిన్నప్పట్నుంచీ నన్ను అది ఏదీ అడిగి ఎరగదు, నేనే దాన్ని పీక్కుతినేదాన్ని.

"అక్కా, రేపు ఆ మంచె మీద చంటిపిల్లల్ని ఎత్తుకుని కూర్చుంటారే. నేను మెల్లగా తొక్కితే రేపు వాళ్ళు పడతారు."

"తెలుసు," అంది. "తెలిసే అడిగా. చోటు పోతే ఇక మళ్ళీ రాదు ఫిలీ. నాకు అదొక్కటే ఉందే నాన్నది."

అది నా రిబ్బను సరిచేసి వెళ్ళిపోయింది.

బాజా మొదలైంది. బరికి పెద్ద దోన్ అబుందియో సితుక్ ముందు నడుస్తుంటే మేం ఒక్కో మంచె ఎక్కి ఆడుకుంటూ వచ్చాం. ప్రతి మంచే కిర్రుమంది, ఊగింది, నిలబడింది. బావ మంచె దగ్గరికొచ్చాం. నేను అక్క మొహం చూడకుండా ఎక్కి, ఉన్న సత్తువంతా పెట్టి తొక్కాను. చర్చి గచ్చు మీద తొక్కినట్టుంది. కిర్రుమన్న చప్పుడు కూడా లేదు, నా మడమలే నొప్పెట్టాయి.

"ఏం మరదలా, ఇంతేనా? పొద్దున తిన్నావా లేదా?" అన్నాడు బావ కింద నుంచి.

"తిన్నాలే బావా, నీ తలుపు కింద పడ్డ పందిని," అన్నాను. కానీ లోపల నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. అక్క వైపు చూస్తే అదీ నవ్వుతోంది.

అయితే తొక్కుడు అక్కడితో అయిపోదు. చివర్న ఊరంతా అన్ని మంచెలూ ఎక్కి ఒకేసారి తొక్కాలి. మా గుంపు ఎప్పుడూ గుమ్మం పక్క మంచె మీదే, అంటే బావ దాని మీదే ఉంటుంది. బాజా జోరందుకుంది. బరి మొత్తం ఒక పక్కకి ఒరిగి ఇంకో పక్కకి రావడం మొదలుపెట్టింది, ఏటా అంతే. మాదొక్కటే బిగుసుకుని నిలబడింది. అటు నుంచి పక్క మంచె వచ్చి గుద్దింది. ఇటు నుంచి ఇంకోటి లాగింది. నా కాలి పక్కనే టప్‌మని ఒక తీగ తెగింది. ఇంకో ముడి జారి, దాని కింది అడ్డకర్ర ఒక కొస ఊడి వేలాడింది. అందరూ కేకలేస్తూ పక్క మంచెల మీదకి దూకారు. నేను దూకడమా! కింద పరిచిన కర్రలు రెండు విడిపోయి, వాటి మధ్యలోంచి నడుం దాకా దిగి అక్కడ ఇరుక్కుపోయాను. కాళ్ళు కింద గాల్లో ఆడుతున్నాయి. కింద ఒక కుక్క చేరి వాటిని చూసి మొరగడం మొదలుపెట్టింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, నా పరువుకి తప్ప.

బాజా ఆగింది. దోన్ అబుందియో టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. మా నాన్న స్నేహితుడాయన.

"పడింది," అన్నాడు. అనలేక అన్నాడు.

వెనాన్సియో చుక్ అప్పుడే కొడుకులకి సైగ చేశాడు, తమ కర్రలు బండికెత్తమని.

"చోటు నాది దోన్ అబుందియో," అంది అక్క. ఆ మూలలో కూర్చోకుండా అంతమందిలో అది నోరు విప్పడం ఊరికి కొత్త. "మా నాన్న నాకిచ్చాడు. ఆయన కట్టింది పడింది. నన్ను కట్టనీ."

"అమ్మా, ఇన్నేళ్ళూ నసారియో మంచె అనే పిలిచాం. నువ్వూ కాదనలేదు. ఇప్పుడు పడ్డాక నాదంటే, రేపు ప్రతివాడూ పెళ్ళాం పేరు చెప్తాడు. అతన్ని చెప్పనీ." ఆయన బావ వైపు తిరిగాడు. "నసారియో, చోటు నీదా, ఎర్మీలాదా? నీదైతే పోయినట్టే. ఆమెదైతే నువ్వు కట్టడానికి వచ్చిన కూలోడివి. తప్పు కూలోడిది, చోటు ఉంటది. సాయంత్రం బరి మధ్య పచ్చ చెట్టు నాటేలోగా ఆమె కట్టుకోవచ్చు."

ఊరంతా బావ వైపు చూసింది. కూలోడిననే మాట ఒక్కటి అంటే చాలు. ఆయన వేలాడుతున్న అడ్డకర్రని చూశాడు. చుక్ నవ్వుమొహం చూశాడు. టోపీ నెత్తిన పెట్టుకుని అడవి వైపు వెళ్ళిపోయాడు. నేనింకా నడుం దాకా ఇరుక్కునే ఉన్నాను కాబట్టి బతికిపోయాడు. అక్కడి నుంచే నాకు తెలిసిన తిట్లన్నీ తిట్టాను, తెలియనివి కూడా కొన్ని కల్పించాను.

అక్క ఆయన వెళ్ళిన వైపు కాసేపు చూసింది. తర్వాత నా చంకల కింద చేతులేసి లాగింది.

"బయటికి రా ఫిలీ. వంటిల్లు విప్పాలి."

"ఏంటీ?"

"అడవికెళ్ళి కొట్టుకొచ్చే టైం లేదు. ఉన్న ఎలెముయ్ అదే."

పొయ్యి మీద ఉడుకుతున్న నల్ల చిక్కుళ్ళ కుండ దించి పెరట్లో పెట్టింది. నాన్న కట్టించిన కప్పు మీదకి తనే ఎక్కి తాటాకు పీకింది. తొక్కుడు గుంపంతా రిబ్బన్లతో, పూలగౌన్లతో మసిలో దిగాం. ఏళ్ళ తరబడి పొగ పట్టి, ఆరి, నల్లగా నిగనిగలాడే వాసాలు అవి. ఒక్కోదాన్నీ అక్క మోకాలికి ఆనించి వంచి చూసి, వదిలేస్తే తటాలున నిలబడ్డవాటినే ఏరింది. మధ్యాహ్నానికి ఆ ఇంట్లో వంటిల్లు లేదు. బూడిద గుంట, జరగని బల్ల మిగిలాయి.

బరిలో కటలోష్ అడ్డకర్రలన్నీ ఊడదీశాం. గుంజల్ని పెకలించడం ఎవరివల్లా కాలేదు, అవి అట్టాగే ఉండనీ అంది. ఎలెముయ్ వాసాలు అడ్డంగా పెట్టి, తడిపిన అనికాబ్ తీగతో ముడులేసింది. నాన్న ముడులు. తీగ చుట్టి, మడమ గుంజకి తన్నిపెట్టి, వెనక్కి వాలి లాగేది. ఏళ్ళ తరబడి దొంగచాటుగా చేసిన పని అందరి ముందూ చేస్తోంది. నాకు తెలియకుండానే నేను పని ఆపి చూస్తూ ఉండిపోయాను.

చుక్ బండి మీద కూర్చుని సూర్యుడి వంక చూస్తున్నాడు.

"ఎర్మీలా, ఎందుకమ్మా రెక్కలు విరుచుకుంటావ్? మళ్ళీ విప్పాల్సింది నేనే కదా," అన్నాడు.

"విప్పడానికి నీకు రాత్రి పట్టుద్దిలే, ముడి అట్టాంటిది," అంది అక్క, తీగ పళ్ళతో పట్టుకుని.

పొద్దు వాలుతుండగా నేను మళ్ళీ ఎక్కాను. మసి పట్టిన గౌనుతోనే ఆడాం. ఉయ్యాల ఎక్కినట్టు ఊగింది, నాకు తల తిరిగింది. ఊరంతా మళ్ళీ ఎక్కి తొక్కింది. బరి ఒరిగింది, మా మంచె కూడా దానితో పాటు ఒరిగింది, బరి తిరిగొచ్చింది, ఇదీ తిరిగొచ్చింది. ఒక్క ముడి జారలేదు.

"నిలబడింది," అన్నాడు దోన్ అబుందియో. ఆ మాట అంటూనే ఆయన మొహం వాడిపోయింది. "కానీ పొద్దున అడిగినదానికి జవాబు రాలేదు. అతను చెప్పందే ఈ మంచెకి నేను ఎవరి పేరు పిలవను?"

అప్పుడే గుమ్మం దగ్గర కేకలు వినపడ్డాయి. అడవి నుంచి పచ్చ చెట్టు వస్తోంది. బరి మధ్య నాటేది లేత బూరుగు చెట్టు, ఊళ్ళో అంతకంటే తేలిక కర్ర ఉండదు, నీళ్ళలో వేస్తే పైకి తేలుతుంది. దాన్ని మోస్తున్నవాళ్ళలో ముందు వరసలో మా బావ ఉన్నాడు. పొద్దుట్నుంచీ ఎక్కడ కూర్చున్నాడో తెలియదు, చేతులు నిండా గీరుకుపోయి ఉన్నాయి, కళ్ళు ఉబ్బి ఉన్నాయి. గుమ్మం దాటగానే ఆగాడు. ఆయన ఆగేసరికి వెనకవాళ్ళంతా ఆగాల్సి వచ్చింది.

మంచె వైపు చూశాడు. నల్లటి వాసాలని గుర్తుపట్టాడు. ఇంట్లో ఇక వంటిల్లు లేదని ఆయనకి అప్పుడే తెలిసింది.

"దోన్ అబుందియో," అన్నాడు, భుజం మీద చెట్టుతోనే. "పొద్దున అడిగావు."

"అడిగాను."

"చోటు నాది కాదు. ఏనాడూ కాదు. మా మావ దీనికిచ్చాడు. నేను కట్టడానికొచ్చిన కూలోణ్ణి." భుజం మీది చెట్టుని సర్దుకున్నాడు. "పొద్దున పడింది కూలోడి పని. ఇప్పుడు నిలబడింది ఎర్మీలా షోల్ మంచె. ఆ పేరే పిలువు."

వెనాన్సియో చుక్ బావ మొహం చూశాడు. బండి వెనక్కి తిప్పమని కొడుకులకి చెప్పాడు. దోన్ అబుందియో టోపీ నెత్తిన పెట్టుకుని, ఊరంతా వినేలా ఎర్మీలా షోల్ మంచె అని పిలిచాడు. అక్క ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. నేనే ఏడ్చాను. నా అంత మనిషి వెక్కి వెక్కి ఏడిస్తే మంచె మళ్ళీ ఊగింది.

చెట్టు నాటారు. బావ చేతులు దులుపుకుని మా మంచె కిందకొచ్చి, పైకి చూస్తూ నిలబడ్డాడు. వెళ్ళనూ వెళ్ళడు, ఎక్కనూ ఎక్కడు. అక్క నాన్న మూలలో కూర్చుని, కాస్త పక్కకి జరిగి చోటిచ్చింది.

"ఎక్కు," అంది.

ఆయన నిచ్చెన మీద ఒక కాలు వేసి, గుంజ గట్టిగా పట్టుకున్నాడు.

"ఊగుతోందే ఎర్మీలా."

"ఊగుద్ది. ఎక్కు."